బ్యాగుల దగ్గర ఎవరూ కాపలా కూర్చోకుండా: బిడది పార్కుకు ఏం తీసుకెళ్లాలి, ఏం ఇంట్లో వదిలేయాలి

వేసవి సెలవులు ఇచ్చారంటే అనంతపురం నుంచి, కర్నూలు నుంచి మాకు ఫోన్లు మొదలవుతాయి. “అక్కా, పిల్లల్ని తీసుకుని వస్తున్నాం, ఒకరోజు వండర్‌లాకు పోదామా?” అని. బెంగళూరు మారతహళ్లిలో కాపురం పెట్టి పదకొండేళ్లయింది. పొడి రైడ్లూ, నీళ్ల రైడ్లూ రెండూ ఉండే ఆ వినోదాల పార్కు మైసూరు రోడ్డులో బిడది దగ్గర 2005లో మొదలైంది. బెంగళూరు నుంచి ఓ 28 కిలోమీటర్లు ఉంటుందంటారు కానీ మా ఇంటి నుంచైతే నగరం మొత్తం దాటి వెళ్లాలి. ఇన్నేళ్లలో బంధువులతో అక్కడికీ, మరికొన్ని నీళ్ల పార్కులకూ చాలాసార్లు వెళ్లాను. ప్రతిసారీ ముందురోజు రాత్రి ఇంట్లో ఒకటే చర్చ. షూ వేసుకోవాలా, చెప్పులా? టవల్ ఎన్ని? ఫోన్ తీసుకెళ్లాలా వద్దా?

వీటికి జవాబు నాకు మొదటిసారి వెళ్లినప్పుడే దొరికింది, కాకపోతే బాధపడి నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు మేం పదకొండు మందిమి, బ్యాగులు ఏడు. లోపలికి వెళ్లగానే అమ్మ ఒక చెట్టు నీడ చూసుకుని, “మీరు పోయిరాండి, నేను సామాన్లు చూసుకుంటా” అంది. పొద్దున వెళ్లినప్పటి నుంచి సాయంత్రం బయల్దేరే దాకా అక్కడే కూర్చుంది. పిల్లలు తడిబట్టలతో పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె ఒళ్లో కళ్లజోళ్లు, వాచీలు, ఫోన్లు పడేసి మళ్లీ వెళ్లిపోయేవాళ్లు. అందరితో సమానంగా టికెట్ కొన్నాం, ఆమె ఒక్క రైడు కూడా ఎక్కలేదు, కాలి వేలు నీళ్లలో పెట్టలేదు. బాత్రూమ్‌కు వెళ్లాలన్నా మాలో ఎవరో ఒకరం వచ్చేదాకా ఆగిందని ఇంటికొచ్చాక మాటల్లో తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చాలా కుటుంబాల్లో ఇది చూస్తుంటాను. ప్రతి గుంపులో ఒక అమ్మమ్మో, పిన్నో, నెలల బిడ్డ ఉన్న కోడలో బ్యాగుల మధ్య కూర్చుని ఉంటుంది. అందుకే రెండింట్లో ఏది తీసుకెళ్లాలి అన్న సందేహం వచ్చినప్పుడు నేను ఒక్కటే చూస్తాను. మేమంతా నీళ్లలో ఉన్నప్పుడు ఈ వస్తువు ఎక్కడుంటుంది? ఒంటి మీదైనా ఉండాలి, లాకర్లోనైనా ఉండాలి. ఇంకొకరి ఒళ్లో ఉండాల్సిందైతే అది మా ఇంట్లోనే ఉండిపోతుంది.

బ్యాగు

పెద్ద ట్రావెల్ బ్యాగు ఒకటి పెట్టుకుంటే అన్నీ ఒకేచోట ఉంటాయని అనిపిస్తుంది. నిజానికి అదే లాకర్లో పట్టదు. పట్టనిదాన్ని బయట పెడతాం, బయట పెడితే కాపలా. పిల్లల స్కూలు బ్యాగు సైజువి రెండు తీసుకోవడం మేలు. నలుగురికి రెండు చాలు. ఒకటి పొడి బ్యాగు: సాయంత్రం వేసుకునే బట్టలు, ఫోన్లు, పర్సు, మందులు. లాకర్లో పెట్టాక మధ్యాహ్నం భోజనానికి తప్ప దాన్ని ముట్టుకోవద్దు. రెండోది తడి బ్యాగు: పొద్దున అందులో నీళ్లలో వేసుకునే బట్టలు, తుండ్లు ఉంటాయి, సాయంత్రం అవే తడిగా తిరిగి అందులోకి వెళ్తాయి.

తడి బ్యాగు లోపల ఏం వేయాలన్నదానికి మా ఇంట్లో దొరికిన జవాబు బియ్యం సంచి. అయిదు కిలోల, పది కిలోల బియ్యం వచ్చే ప్లాస్టిక్ పొరున్న సంచులు పారేయకుండా దాచుకుంటే చాలు. జిప్ కవర్లయితే ఒక జత తడిబట్టలకే నిండిపోతాయి, పల్చటి క్యారీబ్యాగులు దారిలోనే చిరుగుతాయి. బియ్యం సంచిలో నలుగురి బట్టలు పట్టి, కారు సీటు మీద చుక్క నీరు పడదు.

నీళ్లలోకి ఏ బట్టలు

ఎక్కువ మంది పొరపాటు చేసేది ఇక్కడే, ఎక్కువ డబ్బు పోయేదీ ఇక్కడే. నీళ్ల రైడ్లకు నైలాన్ లాంటి సింథటిక్ బట్టలే ఉండాలి. కాటన్ చుడీదార్లు, చీరలు, జీన్సులతో కొలనులోకి రానివ్వరు. ఇది వట్టి పట్టింపు అనుకుని మా బాబాయి ఒకసారి గేటు దగ్గర చాలాసేపు వాదించారు. కానీ దానికి కారణాలున్నాయి. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఆ బరువుతో ఈదడం కష్టం. దాని నూగు, రంగు నీళ్లలో కలిసి ఫిల్టర్లలో చేరతాయి. వదులుగా ఉన్న గుడ్డ జారుడుబల్ల అతుకుల్లో చిక్కుకోవచ్చు, నీళ్లలో కాళ్లకు చుట్టుకోవచ్చు.

ముందే కొనాలా, అక్కడ కొనుక్కుంటే సరిపోతుందా అంటే ముందే కొనండి. పార్కులో దుకాణం ఉంటుంది, బట్టలూ దొరుకుతాయి. కానీ పదిమంది వెనక నిలబడి, పిల్లలు చెయ్యి పట్టి లాగుతుంటే, నచ్చిన సైజు వెతుక్కునే ఓపిక ఉండదు. ముఖ్యంగా కాస్త ఒళ్లున్న ఆడవాళ్లు సైజు దొరక్క “నాకొద్దులే, నేను ఇక్కడే కూర్చుంటా” అనేస్తారు. వాళ్లే చివరికి బ్యాగుల కాపలాదారులవుతారు. బెంగళూరులో చాలా పేటల్లో ఆటల సామాన్లు, బట్టలు అమ్మే డెకాథ్లాన్ దుకాణం ఉంది, చిక్‌పేట వైపు వెళ్తే తక్కువ ధరలో దొరుకుతాయి. వారం ముందే అందరి సైజులు తీసుకుని కొనేయండి.

ఇంట్లో ఉన్న లెగ్గింగ్స్ సరిపోతాయా అని అడుగుతారు. లోపల కుట్టిన చీటీ చూడండి. మనం రోజూ వేసుకునే లెగ్గింగ్స్‌లో చాలావాటి మీద 95 శాతం కాటన్, 5 శాతం ఎలాస్టేన్ అని ఉంటుంది. సాగుతుంది కాబట్టి స్విమ్మింగ్ గుడ్డలా కనిపిస్తుంది కానీ అది కాటనే. నైలాన్ లేదా పాలిస్టర్, దాంట్లో కాస్త ఎలాస్టేన్, ఇవి రాసి ఉంటే నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు. జిమ్ముకు వేసుకునే పాలిస్టర్ టీషర్టులు, షార్టులు మగవాళ్లకు, పిల్లలకు బాగా పనికొస్తాయి.

ఆడవాళ్లకు పొట్టి స్విమ్‌సూటా, చేతులూ కాళ్లూ కప్పే సూటా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. నేను మాత్రం పూర్తిగా కప్పేదే ఎంచుకుంటాను. సిగ్గు కోసం కాదు, ఎండ కోసం. చేతులు, కాళ్లు కప్పి ఉంటే సన్‌స్క్రీన్ ముఖానికి, మెడకు, పాదాలకు రాస్తే చాలు. జారుడుబల్ల మీద మోచేతులు గీసుకుపోవు. పిల్లలకైతే ఇక రెండో ఆలోచనే వద్దు.

మూడేళ్ల కిందట అమ్మకు నేవీ బ్లూ రంగులో మోకాళ్ల కింది దాకా ఉండే సూటు కొన్నాను. చూసి “అరవై నాలుగేళ్లప్పుడు నాకెందుకే ఇది” అంది. పైన పొట్టి స్కర్టులా కుచ్చు ఉంది, కింద లెగ్గింగ్. ఇంట్లో ఒకసారి వేసుకుని చూడమన్నాను. అదే పనికొచ్చింది. పార్కులో మొదటిసారి వేసుకోమంటే వేసుకునేది కాదు. ముందురోజు ఇంట్లో, మనవరాళ్ల ముందు వేసుకుని అద్దంలో చూసుకుంది కాబట్టి సిగ్గు అక్కడే తీరిపోయింది. అలల కొలనులో మా చిన్నదాని చెయ్యి పట్టుకుని గంటసేపు నిలబడింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే సూటు కొని ఊరుకోకండి, ముందురోజే ఇంట్లో తొడిగించండి.

తుండా, టర్కీ టవలా

టర్కీ టవల్ మెత్తగా ఉంటుంది, బాగా తుడుస్తుంది. కానీ నలుగురివి పెడితే బ్యాగు సగం నిండిపోతుంది, తడిస్తే రాయంత బరువు, రాత్రి దాకా ఆరదు. మైక్రోఫైబర్ టవల్ మడిస్తే అరచేతిలో ఇముడుతుంది, తొందరగా ఆరుతుంది, కాకపోతే ఒంటికి అంటుకుపోయినట్టు ఉండి మా పిల్లలకు నచ్చలేదు. నేను రెంటినీ పక్కనపెట్టి మా నాన్న వాడే పల్చటి నూలు తుండ్లకే వచ్చాను. పిండితే నీరంతా పోతుంది, పది నిమిషాలు గాలికి ఆరేస్తే మళ్లీ వాడుకోవచ్చు. వరసలో నిలబడ్డప్పుడు తలకు చుట్టుకోవచ్చు, కాలే సిమెంటు బెంచీ మీద పరుచుకోవచ్చు, బిడ్డ బట్టలు మార్చేటప్పుడు చాటు పెట్టొచ్చు. మనిషికి రెండు తీసుకోండి, ఒకటి రోజంతా వాడకానికి, ఒకటి సాయంత్రం స్నానం తర్వాత.

కాళ్లకు

షూ, సాక్సులు పొడి రైడ్లకు బావుంటాయి, మొదటి నీళ్ల చిలకరింపుతో వాటి పని అయిపోతుంది. తడిసిన షూతో సాయంత్రం దాకా నడిస్తే మడమ ఒరుసుకుపోతుంది. హవాయి చెప్పులు నీటికి భయపడవు కానీ, కాళ్లు గాల్లో వేలాడే రైడ్లలో ఊడిపోతాయి, జారుడుబల్లల దగ్గర విడిచిన వందల జతల్లో మనవి ఏవో తెలియవు. వెనక పట్టీ ఉన్న రబ్బరు ఫ్లోటర్స్ ఈ రెండు గొడవలూ లేకుండా రోజంతా నడుస్తాయి. కొత్తవి కొంటే వారం ముందు నుంచి ఇంట్లో వేసుకుని అలవాటు చేసుకోండి.

ఫోను, కళ్లజోడు, బంగారం

మెడలో వేసుకునే ప్లాస్టిక్ ఫోన్ కవరు వందో రెండొందలో పెడితే వస్తుంది. ఫోటోలు తీసుకోవచ్చని అందరికీ ఆశ. మా మరిది దాన్ని నమ్ముకుని నీళ్లలోకి దిగాడు, అంచున సన్నటి సందులోంచి నీరు వెళ్లి ఫోన్ పోయింది. ఫోన్‌కు నీళ్లను తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 రేటింగ్ ఉంది కదా అంటారు. ఆ పరీక్ష కదలని మంచినీళ్లలో చేసేది. క్లోరిన్ కలిసిన నీళ్లకూ, జారుడుబల్ల మీంచి వేగంగా పడే దెబ్బకూ అది హామీ కాదు. నా సలహా, ఫోన్ లాకర్లో పెట్టండి. ఫోటోలు పొద్దున పొడి రైడ్ల దగ్గర, భోజనం దగ్గర తీసుకోండి. కవరు వాడే తీరాలనుకుంటే ముందు రాత్రి లోపల టిష్యూ కాగితం పెట్టి, బకెట్లో అరగంట ముంచి చూడండి. కాగితం కాస్త చెమ్మగిల్లినా ఆ కవరు వద్దు.

ఫోన్ లాకర్లో ఉంటే మధ్యలో కొబ్బరిబోండాం తాగాలంటే? జేబుకు జిప్ ఉన్న షార్టులో, చిన్న జిప్ కవర్లో రెండు నోట్లు మడిచి పెట్టుకుంటే సరిపోతుంది.

కళ్లజోడు వాడేవాళ్లకు కాంటాక్ట్ లెన్స్ తేలిక అనిపిస్తుంది. కానీ లెన్స్‌తో కొలనులో దిగకూడదు. నీళ్లలోని సూక్ష్మజీవులు లెన్స్ కింద చేరితే కంటికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ రావచ్చు. పాత కళ్లజోడుకు వెనక ఎలాస్టిక్ తాడు కట్టుకుని వెళ్లండి. రైడు ఎక్కేటప్పుడు తీయమంటే ఆ తాడుతోనే చేతికి చుట్టుకోవచ్చు, లేదా సిబ్బంది ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టొచ్చు.

బంగారం విషయంలో మన ఆడవాళ్లకు మొహమాటాలు ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఉంగరాలు ఇంట్లో తీసేయండి, చన్నీళ్లలో వేళ్లు సన్నబడి ఉంగరం జారిపోతుంది. జుంకీలు, పొడుగు గొలుసులు, గాజులు కూడా అంతే. లాకర్లో పెడదామనుకోవద్దు, రోజంతా మనసు దాని మీదే ఉంటుంది. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేనివాళ్లు చాలామంది ఉంటారు, నా అత్తగారిలా. ఆమె ముందురోజే సూత్రాలను పొట్టి పసుపుతాడులోకి మార్చుకుని, మెడ దాకా ఉండే సూటు లోపలికి వేసుకుంటారు. తాడు ఎక్కడా చిక్కుకోదు, తీశామన్న బాధా ఉండదు.

ఎండ, చలి, రెండూ ఉన్న ఊరు

చెన్నైలో ఈసీఆర్ (సముద్రం పక్కన వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు పార్కులకు వెళ్లొచ్చిన మా పెద్దమ్మ వాళ్లు ఇక్కడ తడబడ్డారు. అక్కడ సాయంత్రం కూడా ఉక్కపోతే, తడిబట్టలతో తిరిగినా హాయిగానే ఉంటుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. మధ్యాహ్నం గాలి చల్లగా తగులుతుంటే ఎండ తెలియదు, రాత్రికి ముక్కు ఎర్రగా కాలి ఉంటుంది. నాలుగున్నర దాటాక అదే గాలికి తడిసిన పిల్లలు వణుకుతారు. డిసెంబరు, జనవరిలో అయితే పెదాలు నీలంగా మారతాయి. పిల్లలకు టోపీ ఉన్న పల్చటి జాకెట్ ఒకటి పొడి బ్యాగులో తప్పకుండా పెట్టండి. స్వెట్టర్ కన్నా అదే నయం, తక్కువ చోటు పడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు వాన పడినా కాస్త ఆపుతుంది. గొడుగు వద్దు.

సన్‌స్క్రీన్ స్ప్రే సులువే, కానీ గాలికి సగం పక్కవాళ్ల మీదికి పోతుంది, పిల్లలు పీలుస్తారు. ట్యూబులో క్రీమే మేలు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, వాటర్ రెసిస్టెంట్ అని రాసున్నది తీసుకోండి. ఎండలోకి వెళ్లే పావుగంట ముందు రాసి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి బయటికొచ్చాక మరోసారి రాయాలి. వాటర్ రెసిస్టెంట్ అంటే రోజంతా ఉంటుందని కాదు.

తిండి

బయటి ఆహారం లోపలికి తీసుకెళ్లనివ్వరు, పసిబిడ్డల తిండికి మినహాయింపు ఉంటుంది. మనవాళ్లకు ఇది మింగుడుపడదు. మా పిన్ని ప్రతిసారీ తెల్లవారుజామున లేచి డబ్బాలు కడుతుంది. తప్పు లేదు, ఏ డబ్బా ఎప్పుడు తింటామన్నది ముందే తేల్చుకుంటే ఆ శ్రమ వృథా పోదు. లోపలికి వెళ్లాక భోజనానికి బయటికి వచ్చి మళ్లీ వెళ్లొచ్చన్న లెక్కతో మాత్రం వండొద్దు.

పొద్దున టిఫిన్‌కు డబ్బా అక్కర్లేదు. బిడది తట్టె ఇడ్లీకి పేరున్న ఊరు. పళ్లెమంత వెడల్పున్న ఒక్క ఇడ్లీ, పైన వెన్న, పక్కన చట్నీ. పిల్లలకు ఒకటి, పెద్దలకు రెండు చాలు. పార్కుకు వెళ్లే ముందు తినండి, కడుపు మరీ నింపుకుంటే తిరిగే రైడ్లలో వికారం పెడుతుంది.

ఇంటి తిండి అవసరమయ్యేది సాయంత్రం బయటికొచ్చాక. నీళ్లలో ఆడిన పిల్లల ఆకలి మామూలుగా ఉండదు. కారులో ఏం ఉంచాలి? పెరుగన్నం అస్సలు వద్దు, ఎండలో నిలిపిన కారులో మధ్యాహ్నానికే పులిసిపోతుంది. చపాతీలు అట్టల్లా అవుతాయి, కూర పాడవుతుంది. చింతపండు పులిహోర నిలబడుతుంది, పులుపూ నూనే దాన్ని కాపాడతాయి. అందులోనూ అన్నం బాగా ఆరబెట్టి కలిపి, వేడి తగ్గాక డబ్బా మూత పెట్టాలి. నిమ్మకాయది అంతసేపు ఉండదు. ఇంకా భయంగా ఉంటే వండినవేవీ వద్దు, వేరుశనగ ఉండలు, జంతికలు, అరటిపళ్లు పెట్టుకోండి. మెట్రోలో చల్లఘట్ట దాకా వచ్చి అక్కడి నుంచి బస్సు ఎక్కేవాళ్లు డబ్బాలు తేకపోవడమే మంచిది, పెట్టుకోవడానికి చోటుండదు.

మందులు

తలనొప్పి మాత్ర, బ్యాండ్ ఎయిడ్, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందులు. ఇవి చెప్పక్కర్లేదు. తిరిగే రైడ్లకు వికారం వచ్చేవాళ్లు అవోమిన్ లాంటి మాత్ర వేసుకుంటారు, దానికి నిద్రమత్తు వస్తుంది. తర్వాత కారు నడపాల్సిన మనిషి వేసుకోకూడదు, పిల్లలకైతే డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు. మా ఇంట్లో అల్లం మురబ్బా బుగ్గన పెట్టుకుంటాం.

ఓఆర్ఎస్ పొట్లం తీసుకోవాలా, పండ్ల రుచిలో వచ్చే డబ్బా పానీయమా అంటే పొట్లమే. డబ్బా పానీయాల్లో చక్కెర ఎక్కువ, లవణాలు తక్కువ. సరైన సూత్రం ప్రకారం చేయని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా ఆదేశించింది. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉన్న పొట్లాలు రెండు కొని, ఒక్కోదాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలో కలపండి. పెద్ద పొట్లానికి సాధారణంగా లీటరు.

నెలసరి సమయంలో ప్యాడ్ నీళ్లలో పనిచేయదు. మెన్‌స్ట్రువల్ కప్పు అలవాటున్నవాళ్లు దాన్నే వాడొచ్చు. అలవాటు లేకపోతే ఆరోజే మొదలుపెట్టకుండా పొడి రైడ్లతో సరిపెట్టుకోండి. చంటిబిడ్డలకు మామూలు డైపర్ నీళ్లు పీల్చి ఉబ్బిపోతుంది, స్విమ్ డైపర్ కొనండి. అది మూత్రాన్ని ఆపదు, కాబట్టి నీళ్లలోకి దిగే ముందే తొడగాలి, కారులో కాదు.

రైలు దిగి నేరుగా వస్తే

రాత్రి రైలెక్కి పొద్దున బెంగళూరులో దిగి అటునుంచి అటే పార్కుకు వెళ్దామనే బంధువులు ఉంటారు. పెట్టెలతో వెళ్లే పని పెట్టుకోవద్దు. స్టేషన్ క్లోక్ రూములో ఉంచవచ్చు, తాళం వేసిన పెట్టెలే తీసుకుంటారు కాబట్టి ఊరి నుంచే చిన్న తాళం తెచ్చుకోమని చెప్పండి. తెలిసినవాళ్ల ఇల్లు దారిలో ఉంటే ఇంకా మంచిది. బైకు మీద వెళ్లే కుర్రాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. 2023 ఆగస్టు నుంచి మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రోడ్డు మీద ద్విచక్ర వాహనాలను అనుమతించడం లేదు, సర్వీసు రోడ్డులో వెళ్లాలి.

బయల్దేరే ముందు పిల్లల ఎత్తు గోడకు నిలబెట్టి కొలవండి. పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 140 సెంటీమీటర్లు లేకపోతే పెద్ద రైడ్లు చాలావాటికి ఎక్కించరు. అక్కడికెళ్లి ఏడ్చేకన్నా ఇంట్లోనే తెలిస్తే బిడ్డ మనసు సర్దుకుంటుంది.

ఇక మిగిలింది లాకర్ తాళంచెవి. పర్సులో పెడితే పర్సు మళ్లీ ఎవరికో ఇవ్వాలి. జేబులో వేస్తే అలల కొలనులో పోతుంది. మేం పాత స్కూలు ఐడీ కార్డు తాడును కత్తిరించి, చేతికి రెండు చుట్లు తిప్పి ముడివేసేలా చేశాం. ఆ తాళంచెవి పోయినసారి అమ్మ చేతికే కట్టాం. రోజంతా పిల్లలు “అమ్మమ్మా, తాళం!” అని అరుస్తూ ఆమె ఏ కొలనులో ఉందో వెతుక్కోవాల్సి వచ్చింది.